యుద్ధ ఘోరాలపై హారర్ సినిమాలు: కెమెరా ఎవరి పక్కన నిలబడింది?

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దె రూముల్లో, హాస్టళ్లలో హారర్ సినిమాలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. దయ్యాల సినిమాలు మొహం మొత్తాక కుర్రాళ్లు వెతికేది 'డిస్టర్బింగ్' సినిమాల లిస్టులు. ఆ లిస్టుల్లో తరచూ తగిలే పేరు 'మెన్ బిహైండ్ ద సన్'. ఇలాంటి సినిమాల కథను పావుగంటలో తెలుగులో చెప్పేసే వీడియోలకూ కొదవలేదు. గుండె ధైర్యం లేనివాళ్లు చూడొద్దని థంబ్‌నెయిల్ మీదే రాస్తారు. చూసినవాడు పక్కవాడికి పంపుతాడు. మధ్యలో ఆపేస్తే ఓడిపోయినట్టు లెక్క. ఇంత జరిగినా, అందులో చచ్చిపోతున్నవాళ్లు ఎవరు, చంపినవాళ్లు తర్వాత ఏమయ్యారు అని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది మాత్రం అదే.

1988లో వచ్చిన ఆ సినిమా దర్శకుడు మౌ తున్-ఫెయ్. చైనాలో పుట్టి, తైవాన్‌లో పెరిగి, హాంకాంగ్ స్టూడియోల్లో పనిచేసినవాడు. కథ జరిగే చోటు ఈశాన్య చైనాలో హార్బిన్ నగరానికి దగ్గర్లోని పింగ్‌ఫాంగ్. 1931 తర్వాత ఆ ప్రాంతం జపాన్ చేతికి చిక్కింది. అక్కడ జపాన్ సైన్యం నడిపిన విభాగమే యూనిట్ 731. కాగితాల మీద దాని పేరు అంటువ్యాధుల నివారణ, నీటి శుద్ధి విభాగం. అధిపతి షిరో ఇషీ అనే సైనిక వైద్యుడు. లోపల జరిగింది మాత్రం ప్లేగు, ఆంత్రాక్స్, కలరా క్రిములను ఆయుధాలుగా మార్చే పని. దానికి బతికున్న మనుషులను వాడారు. చైనీయులు ఎక్కువ. రష్యన్లు, మంగోలులు, కొరియన్లు కూడా ఉన్నారు. కనీసం 3,000 మంది ఆ గోడల మధ్య చనిపోయారని అంచనా. చుట్టుపక్కల జనానికి అది కట్టెల మిల్లు అని చెప్పారు. లోపలి ఖైదీలను దుంగలని పిలిచారు. వాళ్లకు పేర్లుండవు, నంబర్లే. గోడల బయట పోయిన ప్రాణాల లెక్క వేరే. 1940లో నింగ్‌బో మీద, 1941లో చాంగ్‌దె మీద విమానాల నుంచి ప్లేగు పట్టిన పురుగులను, ఎలుకల ఒంటి మీద బతికే రకాన్ని, చల్లారు. ఊళ్లలో ప్లేగు లేచింది.

ఇంతటి విషయం మీద తీసిన సినిమా, హాంకాంగ్‌లో 1988లో మొదలైన కొత్త రేటింగ్ పద్ధతిలో పెద్దలకు మాత్రమే అన్న మూడో వర్గం ముద్ర మొదట్లోనే పడిన వాటిలో ఒకటి. పేరు తెచ్చింది ఆ ముద్రే. కథ గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ, మూడు నాలుగు దృశ్యాలు గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎక్కువ. అందుకే ఆ దృశ్యాలను దగ్గరగా చూడాలి.

ఒకటి మంచు దెబ్బ ప్రయోగం. గడ్డకట్టే చలిలో ఒక స్త్రీ చేతులను బయట ఉంచి, నీళ్లు పోసి, బిగుసుకుపోయాక లోపలికి తెచ్చి వేడినీళ్లలో ముంచుతారు. ఆ తర్వాత చూపించేది ఇక్కడ వర్ణించాల్సిన పని లేదు. గమనించాల్సింది కెమెరా చోటు. చేస్తున్నవాడు పాఠం చెప్పే పద్ధతిలో మాట్లాడతాడు, చుట్టూ నిలబడి చూసేవాళ్లున్నారు, కెమెరా ఆ చూసేవాళ్ల వరసలో నిలబడుతుంది. ఆ స్త్రీ ఎవరో, ఏ ఊరో, ఎందుకు పట్టుకొచ్చారో మనకు తెలియదు. మనకు తెలిసింది ఆమె చేతులు మాత్రమే. పింగ్‌ఫాంగ్ డాక్టర్లకు తెలిసిందీ అంతే. ప్రేక్షకుడు తనకు తెలియకుండానే డాక్టరు కళ్లతో చూస్తున్నాడు.

రెండోది ఇంతకన్నా చిక్కైనది. సినిమాలో ఒక మూగ చైనా పిల్లవాడు ఉంటాడు. జపాన్ బాలసైనికులతో బంతాడుతూ దోస్తీ చేస్తాడు. కథ మొత్తంలో బాధితుల వైపు నుంచి మనకు దగ్గరయ్యే ముఖం దాదాపుగా వాడిదే. ఆ పిల్లవాణ్ని మాయచేసి ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. ఆ ఘట్టం తీయడానికి దర్శకుడు నిజమైన బాలుడి శవపరీక్షను వాడుకున్నాడు. ప్రమాదంలో చనిపోయిన బిడ్డ, తల్లిదండ్రుల అనుమతి ఉంది అని తర్వాత తనే చెప్పాడు. అనుమతి ఉన్నా, జరిగింది ఇది: మనిషిని మనిషిగా కాకుండా సరుకుగా వాడుకున్న డాక్టర్ల మీద కోపంతో తీసిన సినిమా, సరిగ్గా ఆ కోపం పతాక స్థాయికి చేరే చోట, ఒక చచ్చిపోయిన బిడ్డను సరుకుగా వాడుకుంది. అప్పటిదాకా బంతాడిన పిల్లవాడు కథలో నుంచి తప్పుకున్నాడు. తెర మీద మిగిలింది 'ఇది నిజం శవమట' అని చెప్పుకోవడానికి పనికొచ్చే ఒక విషయం. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ సినిమా గురించి జనం మొదట చెప్పేది అదే. ఎలుకల గుంపులో పిల్లిని వదిలిన దృశ్యం సంగతీ ఇలాంటిదే. పిల్లి చావలేదని దర్శకుడు అన్నాడు. ఎలుకలను మాత్రం నిజంగానే తగలబెట్టారు.

మౌ తున్-ఫెయ్ నిజాయితీ లేనివాడని దీని అర్థం కాదు. సినిమా మొదట్లో స్నేహం స్నేహమే, చరిత్ర చరిత్రే అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. చైనా, జపాన్ ప్రభుత్వాలు చేతులు కలిపి వ్యాపారం పెంచుకుంటున్న కాలంలో ఆ మాట అనడానికి తెగువ కావాలి. చిక్కల్లా, నిజాయితీ ఉన్నవాడి చేతిలోకి కూడా బజారు సినిమా తన పనిముట్లే ఇచ్చింది.

ఆ పనిముట్లు అంతకుముందు పదేళ్లుగా ఐరోపా, అమెరికా చౌక సినిమాల్లో పదునెక్కాయి. జనం చూడకూడదన్న దాన్నే ఎరవేసి టికెట్టు అమ్మే ఆ బాపతును ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా అంటారు. నాజీ శిబిరాలను అడ్డం పెట్టుకుని తీసినవి అందులో ఒక పాయ. 1975లో వచ్చిన 'ఇల్సా: షి వుల్ఫ్ ఆఫ్ ది ఎస్‌ఎస్' వాటిలో పేరుమోసినది. యుద్ధ ఖైదీల శిబిరం చుట్టూ అల్లిన ఒక అమెరికన్ కామెడీ టీవీ సీరియల్ కోసం వేసిన సెట్లలోనే దాన్ని తీశారు. ఆ వెంటనే 1976, 77ల్లో ఇటలీలో ఇలాంటివి వరసగా వచ్చాయి. సెక్సు, చిత్రహింస, యూనిఫాం, ఈ మూడూ కలిపిన సరుకు.

'ఇల్సా' మొదట్లోనూ ఒక ప్రకటన ఉంటుంది. చూడబోయేది చారిత్రక ఆధారాలున్న విషయమని, ఇలాంటి నేరాలు మళ్లీ జరగకూడదన్న ఆశతో తీశామని చెబుతుంది. ఆ తర్వాత గంటన్నర సేపు ఆ నేరాల్నే ఊరిస్తూ చూపిస్తుంది. నిజ సంఘటనల ఆధారంగా అన్న మాట ఇక్కడ చరిత్ర పట్ల బాధ్యతకు గుర్తుగా పనిచేయలేదు, లైసెన్సుగా పనిచేసింది. కల్పిత కథలో ఇంత చూపిస్తే అసహ్యం అంటారు. నిజమని చెబితే అదే చూడటం కర్తవ్యంలా అనిపిస్తుంది. 'మెన్ బిహైండ్ ద సన్' తర్వాత 731 పేరు మీద వచ్చిన చౌక కొనసాగింపులు ఈ లైసెన్సునే వాడుకున్నాయి. 2008లో రష్యాలో తీసిన ఒక సినిమా నాలుగు గంటలకు పైగా ఈ ప్రయోగాలనే చూపించుకుంటూ పోయింది. నాలుగు గంటల తర్వాత కూడా చూసినవాడికి ఒక్క ఖైదీ పేరు తెలియదు.

ఎంత చూపించారన్నది అసలు కొలత కాదని సినిమా విమర్శలో చాలాకాలం కిందటే తేలింది. 1961లో ఫ్రెంచి విమర్శకుడు జాక్ రివెట్ 'కాపో' అనే సినిమా మీద రాసిన వ్యాసం ఈ చర్చలో ఇప్పటికీ ముందుకొస్తుంది. నాజీ శిబిరంలో ఒక ఖైదీ కరెంటు తీగల మీద పడి ప్రాణం తీసుకుంటుంది. అక్కడ నెత్తురు లేదు, కోతలు లేవు. దర్శకుడు చేసిందల్లా, ఆమె చనిపోయాక కెమెరాను మెల్లగా ముందుకు నడిపించి, చేయి ఫ్రేములో అందంగా కుదిరేలా కింది కోణం నుంచి చూపించడం. చావును అందంగా సర్దడానికి ఆ క్షణంలో చేయి ఎలా వచ్చిందన్నది రివెట్ కోపం. ఒక కెమెరా కదలిక మీద అంత కోపం అవసరమా అనిపించవచ్చు. మంచు దెబ్బ దృశ్యాన్ని చూశాక అవసరమేననిపిస్తుంది.

దీనికి అటువైపు ఉదాహరణ ఎలెమ్ క్లిమోవ్ 1985లో తీసిన 'కమ్ అండ్ సీ'. బెలారుస్‌లో నాజీలు ఊరి జనాన్ని కొట్టంలోకి తోలి తగలబెట్టే ఘట్టం అందులో ఉంది. 1943 మార్చి 22న ఖాతిన్ అనే ఊళ్లో 149 మంది అలాగే చచ్చిపోయారు, అందులో 75 మంది పిల్లలు. క్లిమోవ్ దేన్నీ దాచలేదు. కేకలు వినిపిస్తాయి, పొగ కనిపిస్తుంది, తాగిన సైనికులు ఫొటో దిగడం కనిపిస్తుంది. అయినా ఆ సినిమాను కిక్కు కోసం చూడటం కుదరదు. కెమెరా పట్టుకుని వేలాడేది ఫ్లోరా అనే పల్లె కుర్రాడి ముఖాన్ని. సినిమా మొదట్లో నున్నగా ఉన్న ఆ ముఖం చివరికి ముడతలు పడి ముసలిదైపోతుంది. చావు ఎలా జరిగిందన్న కుతూహలం మనలో లేచేలోపే, దాన్ని చూసినవాడు ఏమైపోతున్నాడన్న బెంగ దాన్ని మింగేస్తుంది. చివర్లో, జనంతో సహా తగలబడిన 628 బెలారుస్ ఊళ్ల లెక్క తెర మీదికి వచ్చేసరికి అది అంకెలా తోచదు. ఒక ఊరు ఎలా తగలబడిందో అప్పటికే మన కళ్లతో చూశాం.

ఘోరాన్ని జనం మధ్యలో ఆడి చూపించడం ఎలా అన్న ప్రశ్న సినిమాతో పుట్టింది కాదు. చిత్తూరు పల్లెలకు అది పాత ప్రశ్న. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ, అర్జున తపస్సు, కీచక వధ ఇలా రోజుకో ఘట్టం నడిచి, చివరి రోజున మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, ఆ సాయంత్రం అగ్నిగుండం. ఈ వరసలో ఒక రాత్రి ద్రౌపదీ వస్త్రాపహరణం. ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా నోరూరించుకునే ముడిసరుకంతా అందులో ఉంది: నిండు సభ, ఎదురు చెప్పలేని స్త్రీ, కొప్పు పట్టి ఈడ్చుకొచ్చే మగాడు, చూస్తూ కూర్చున్న పెద్దలు.

ఒకప్పుడు చిత్తూరు, వేలూరు కలిసి ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ నేల మీద తమిళంలో ఆడే వీధినాటకం కూత్తును దగ్గరగా చూసి రాసిన పరిశోధకులు ఈ ఘట్టం గురించి ఒక సంగతి చెప్పారు. దుశ్శాసనుడి వేషగాడు చీర మీద చేయి వేసే ముందు ఆట ఆగుతుంది. కర్పూరం వెలిగిస్తారు. వేషగాడు ద్రౌపదమ్మకు దండం పెట్టి మన్నించమని వేడుకుంటాడు. ఒక్కోసారి పూనకం వచ్చి పడిపోతాడు కూడా. ద్రౌపది వేషం కట్టింది మగవాడే. చుట్టూ కూర్చున్న ఆడామగా అందరి కళ్లూ ఆ నిమిషంలో కర్పూరం మీద ఉంటాయి, ఒంటి మీద కాదు. చేయబోయేది పాపమని ఆడేవాడికి తెలుసు, చూసేవాళ్లకు తెలుసు. కథ చెప్పక తప్పదు కాబట్టి చేస్తున్నారు.

సినిమాకు కర్పూరం వెలిగించమని ఎవరూ చెప్పరు. కానీ ఆ ఆగడంలో ఉన్న పని సినిమాకూ కావాలి. క్లిమోవ్ దాన్ని ఫ్లోరా ముఖంతో చేశాడు. పైగా వీధినాటకంలో ఆ రాత్రితో లెక్క ముగిసిపోదు. ద్రౌపది విప్పిన జుట్టు చివరి రోజు దాకా విప్పే ఉంటుంది. ఊరు మొత్తం ఆ మట్టి బొమ్మ దగ్గరికి చేరి, దుర్యోధనుడు కూలాక ఆ జుట్టు ముడివేయడం చూసి గానీ ఇంటికి పోదు.

తిరుపతి గంగమ్మ జాతర కథ ఇంకో అడుగు ముందుకేస్తుంది. కొత్త పెళ్లికూతుళ్లను చెరిచే పాలెగాడు ఊరిని పీడిస్తుంటాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ వాడి మీదికి లేస్తే పారిపోయి దాక్కుంటాడు. వాణ్ని బయటికి లాగడానికి ఆమె రోజుకో వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర వేషం. దొర వచ్చాడనుకుని వాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. మే నెలలో తిరుపతి వీధుల్లో జనం ఇప్పటికీ ఆ వేషాలే కడతారు. జాతర ఆడి చూపించేది వెతకడం, గుర్తుపట్టడం, శిక్షించడం. పాలెగాడు ఆ ఆడపిల్లలను ఏం చేశాడన్నది వేషం కాదు. మర్నాడు మాతంగి వేషం. చనిపోయినవాడి భార్యను ఓదార్చడానికి అమ్మవారు మాతంగిగా వెళ్లిందని చెబుతారు. ఇంతటి ఘోరం చుట్టూ అల్లిన వేడుకలో ఘోరం చేసినవాడి ఇంటి ఆడదాని ఏడుపుకు కూడా చోటు దొరికింది.

731 విషయంలో చరిత్ర దొర వేషం దాకా రాలేదు. నిజానికి అసలు హారర్ అక్కడే ఉంది. రక్తం చూపించే ఏ సినిమాకూ అది చిక్కలేదు, ఎందుకంటే అదంతా కాగితాల మీద జరిగింది.

1945 ఆగస్టులో సోవియట్ సైన్యం వస్తోందని తెలిసి పింగ్‌ఫాంగ్ కట్టడాలను పేల్చేసి, మిగిలిన ఖైదీలను చంపేసి, ఇషీ మనుషులు జపాన్‌కు పారిపోయారు. జర్మనీలో నాజీ డాక్టర్ల విచారణ 1946 డిసెంబరులో మొదలై, 1947లో ఏడుగురికి ఉరిశిక్ష పడింది. మనుషుల మీద ప్రయోగానికి వాళ్ల ఇష్టపూర్వక అంగీకారం తప్పనిసరి అన్న న్యూరెంబర్గ్ నియమావళి ఆ తీర్పులోంచే వచ్చింది. తిరుపతిలో మెడిసిన్ చదివేవాళ్లు వైద్య నీతిలో చదువుకునే నియమం అదే. సరిగ్గా అదే 1947లో అమెరికా అధికారులు జపాన్‌లో ఇషీ బృందంతో బేరం కుదుర్చుకున్నారు. ప్రయోగాల సమాచారం ఇస్తే కేసులుండవు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హిల్ ఇచ్చిన నివేదిక ఇప్పుడు అందుబాటులో ఉంది. మనుషుల మీద ప్రయోగాలకు మనస్సాక్షి అడ్డొస్తుంది కాబట్టి అమెరికా ల్యాబుల్లో ఈ సమాచారం దొరికేది కాదని, దీన్ని సంపాదించడానికి అప్పటిదాకా అయిన ఖర్చు రెండున్నర లక్షల యెన్లని, ఆ ప్రయోగాలకు నిజంగా అయిన ఖర్చుతో పోలిస్తే అది బహు స్వల్పమని అందులో రాసుంది. పింగ్‌ఫాంగ్‌లో పోయిన ప్రాణాలకు కట్టిన ఖరీదు ఒక ఆఫీసు కాగితంలో ఇలా నమోదైంది.

జపాన్ యుద్ధ నేరాల మీద జరిగిన టోక్యో విచారణలో 731 మీద కేసే నడవలేదు. సోవియట్లు 1949 డిసెంబరులో ఖబరోవ్‌స్క్‌లో పన్నెండు మందిని విచారించి శిక్షలు వేస్తే, పశ్చిమ దేశాలు అది ప్రచారమని కొట్టిపారేశాయి. ఇషీ 1959లో గొంతు క్యాన్సర్‌తో పోయాడు. మంచు దెబ్బ ప్రయోగాలు చేసిన హిసాతో యోషిమురా తర్వాత క్యోటోలో ఒక వైద్య విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. ర్యోయిచి నైతో 1950లో రక్తనిధి కంపెనీ పెట్టాడు. గ్రీన్ క్రాస్‌గా పేరు మారిన ఆ కంపెనీ 1980ల్లో హెచ్‌ఐవీ కలిసిన రక్త ఉత్పత్తులు అమ్మిన కేసులో ఇరుక్కుంది. రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా రోగులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంచు దెబ్బ దృశ్యంలో చేతులు చూసి కళ్లు మూసుకున్న కుర్రాడికి, ఆ ప్రయోగం చేసినవాడు మర్యాదగా పదవీ విరమణ దాకా పాఠాలు చెప్పాడని తెలిస్తే వచ్చే వణుకు వేరు. ఒక మంచి దర్శకుడు దాన్ని తీయగలడు. ఒక ఆఫీసు గది, ఇద్దరు మనుషులు, ఒక టైపు మిషను చాలు.

ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమా చేసే ఇంకో నష్టం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఎక్కువ చేసి చూపించిన ప్రతి చోటా అది అబద్ధమని వాదించేవాడికి ఆయుధం దొరుకుతుంది. 1981లో జపాన్ రచయిత సెయిచి మోరిమురా 731 మీద రాసిన పుస్తకం ఆ దేశంలో లక్షల్లో అమ్ముడై పెద్ద కదలిక తెచ్చింది. తర్వాతి భాగంలో వేసిన ఫొటోల్లో కొన్ని అసలు 731వి కావని, 1910-11లో మంచూరియాలో, అంటే ఈశాన్య చైనాలో, వచ్చిన ప్లేగు నాటివని తేలింది. వేరెవరో ఇచ్చిన ఫొటోలవి. వందల పేజీల సాక్ష్యం నిజం, కొన్ని బొమ్మలు తప్పు. అయినా దాడి మొత్తం ఆ బొమ్మల మీదుగానే జరిగింది. ప్రచురణకర్త పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు. 1983లో ఇంకో సంస్థ సరిదిద్ది మళ్లీ అచ్చేసింది. ఒక ఫొటోకే ఇంత జరిగితే, రబ్బరు తొడుగులు, రంగు నెత్తురు పోసి తీసిన సినిమాను జనం 731కు సాక్ష్యంగా తలుచుకోవడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

ఇక్కడ మౌ తున్-ఫెయ్ పక్షాన చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చిన్నది కాదు. అతను సినిమా తీస్తున్న రోజుల్లో జపాన్ విద్యాశాఖ పాఠ్యపుస్తకాల్లో 731 ప్రస్తావనను తీసేయమంటోంది. పరిశోధన ఇంకా చాలదన్నది వాళ్లు చెప్పిన కారణం. చరిత్రకారుడు సబురో ఇయెనాగా 1984లో దాని మీద కోర్టుకు వెళ్లాడు. 1997 ఆగస్టు 29న జపాన్ సుప్రీంకోర్టు ఆ తొలగింపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పేసరికి పదమూడేళ్లు గడిచాయి. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. పాఠ్యపుస్తకం నోరు మూయించిన ఆ పదమూడేళ్లలో ఊరూరా వీడియో క్యాసెట్ రూపంలో తిరిగింది ఈ సినిమాయే. పింగ్‌ఫాంగ్ అన్న పేరు ప్రపంచంలో చాలామంది మొదటిసారి విన్నది దానివల్లే. తలుపులన్నీ మూసేస్తే నిజం దొడ్డిదారిన వచ్చింది. ఆ దారిలో వచ్చేటప్పుడు ఒంటికి అంటిన మురికిని మాత్రం ఇప్పుడైనా కడగాలి.

ఈ యుద్ధం తెలుగువాళ్లకు దూరపుదేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. రంగూన్‌లో కూలి చేసుకు బతికే తెలుగువాళ్లు ఆ ఏడాదే బర్మా అడవుల గుండా నడిచి ఇంటిదారి పట్టారు, దారిలో పోయినవాళ్లు పోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుమార్గం వేయడానికి తరలించారు. 415 కిలోమీటర్ల ఆ దారిలో ఆసియా కూలీలే దాదాపు 90,000 మంది చనిపోయారని అంచనా. మిత్రరాజ్యాల యుద్ధ ఖైదీలు పన్నెండు వేలకు పైగా చనిపోయారు. ఆ రైలు వంతెన మీద 1957లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఆస్కార్లు గెలిచింది, ఈలపాటతో సహా ప్రపంచమంతా తెలిసింది. అందులో కథ తెల్ల అధికారులది. కలరా గుడిసెల్లో కుప్పకూలిన తోట కూలీ అందులో లేడు. అతిగా చూపించడం ఒక అన్యాయం, అసలు చూపించకపోవడం ఇంకో అన్యాయం. మనవాళ్లకు జరిగింది రెండోది. రేపు ఎవరైనా తెలుగులో ఆ కథ తీస్తే, కలరా గుడిసెను ఎంత భయంకరంగా వేశారన్నది పోస్టరు మీదికి ఎక్కకూడదని కోరుకోవాలి.

కోరుకోవడానికి కారణముంది. పాత ఊచకోతలను తెరకెక్కించే ఊపు ఈమధ్య మన దగ్గరా పెరిగింది. వాటిలో చాలావరకు అమ్మేది రక్తం ఒక్కటే కాదు, పగ కూడా. చంపినవాడి పేరు, ఊరు, హోదా, వాడికి ఆజ్ఞ ఇచ్చిన అధికారి చెప్పకుండా, వాడి జాతినో మతాన్నో మాత్రమే చూపిస్తే థియేటర్లో లేచే కోపం నేరుగా ఇప్పుడు పక్కింట్లో ఉన్నవాడి మీదికి పోతుంది. చైనాలో 2025 సెప్టెంబరు 18న, మంచూరియా ఆక్రమణ మొదలైన తేదీ చూసుకుని, 731 మీద ఇంకో భారీ సినిమా విడుదలైంది. వసూళ్లు కుమ్మేసింది. చరిత్రను పక్కనపెట్టి హంగులకు పోయారని ఆ దేశ ప్రేక్షకులే గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ చూస్తే ఆశ కలుగుతుంది. తమ తాతల చావును ఎలా చూపించాలో అడిగే హక్కు తమకుందని వాళ్లు గుర్తించారు.

మన దగ్గర ఏ సర్టిఫికెట్ అయినా థియేటరు గుమ్మం దాకానే. చేతిలో ఫోనుకు గుమ్మం లేదు. కాబట్టి పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని చూడొద్దనడం వల్ల ఒరిగేదేమీ లేదు. చూసేవాడు చూస్తాడు. చూశాక అడగాల్సినవి అతనికి ఎవరైనా చెప్పాలి: చనిపోయినవాళ్లలో ఒక్కరి పేరైనా తెలిసిందా, చంపినవాడి పై అధికారి ఎవరో తెలిసిందా, ఆ తర్వాత వాళ్ల బతుకు ఎలా సాగిందో తెలిసిందా. 'మెన్ బిహైండ్ ద సన్'ను ఈ మూడింటితో పట్టి చూస్తే రెండోదానికి కొంత జవాబు దొరుకుతుంది. 'ఇల్సా'లో ఒక్కదానికీ దొరకదు.

పేర్లు లేవనే సాకు చంపినవాళ్ల వైపు ఇప్పుడు చెల్లదు. 2018లో జపాన్ జాతీయ పత్రాగారం ఒక విద్యావేత్త అభ్యర్థన మీద యూనిట్ 731 సిబ్బంది జాబితాను బయటపెట్టింది. 1945 జనవరి నాటి ఆ పట్టికలో 3,607 మంది పేర్లున్నాయి, చాలామందివి చిరునామాలతో సహా. అందులో 52 మంది వైద్యులు, 49 మంది ఇంజినీర్లు, 38 మంది నర్సులు, 1,117 మంది సైనిక వైద్య సహాయకులు. అదే ఏడాది ఆ విద్యావేత్త, ఆయన తోటివాళ్లు కలిసి, 731లో పనిచేసిన ఒక వైద్యుడికి క్యోటో విశ్వవిద్యాలయం ఇచ్చిన డాక్టరేటును మళ్లీ పరిశీలించాలని కోరారు. ప్లేగు మీద రాసిన ఆ సిద్ధాంత వ్యాసం ప్రయోగం కోతుల మీద చేశామంటుంది. లక్షణాల్లో తలనొప్పి అని రాసుంది. నొప్పి ఉందని నోటితో చెప్పగలిగింది మనిషేనన్నది వాళ్ల అనుమానం. చనిపోయినవాళ్ల వైపు మాత్రం పని ఇంకా మొదటి దశలోనే ఉంది. సైనిక పోలీసులు ఖైదీలను పింగ్‌ఫాంగ్‌కు పంపినప్పుడు రాసుకున్న కాగితాల్లో కాలిపోకుండా మిగిలినవాటిని పట్టుకుని, హార్బిన్‌లో పరిశోధకులు ఒక్కో మనిషి పేరు, వయసు, ఊరు వెలికితీస్తున్నారు.